పేరు దొరకని సంధి

గురువారం, రాత్రి 9:30

ఈ ఉదయం పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకొని, పాల ప్యాకెట్ల లెక్క రాసుకునే క్యాలెండరులో నేటి తేదీ పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టి, కాఫీ కోసం గంటసేపు ఆగాను. మొదటి నెలలో ఒకరోజు మాత్ర వేసుకున్నానో లేదో ఎంత ఆలోచించినా గుర్తుకు రాక, సీసాలోని మాత్రలన్నీ పళ్ళెంలో పోసి లెక్కపెట్టుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి ఈ గీతల అలవాటు మొదలైంది.

బడిలో మూడో పీరియడు తొమ్మిదో తరగతికి సంధులు చెప్పాను. ఇదే తరగతి గదిలో నాలుగు నెలల క్రితం 'వాడు గొట్టె' అని బోర్డు మీద రాసి, విడదీసి చూపి, సంధి పేరు చెప్పబోతే నోట మాట రాలేదు. సూత్రం తెలుసు, ఉదాహరణ కళ్ళ ముందే ఉంది, ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న పాఠం. అయినా పేరు మాత్రం దొరకలేదు. చివరికి ముందు బెంచీలోని పిల్ల 'గసడదవాదేశ సంధి, టీచర్' అని మెల్లగా అందించింది. ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను.

అప్పటికే ఏడాదిగా ఒళ్ళు బరువెక్కడం, మధ్యాహ్నాలు నిద్ర ముంచుకు రావడం, ఎదుటివారు చెప్పిన మాట రెండోసారి వింటే గాని తలకెక్కకపోవడం ఉన్నాయి. వయసు నలభై ఏడు కదా అని సరిపెట్టుకున్నాను. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ గ్రంథి మందగించినప్పుడు పెరిగే హార్మోను, 38 వచ్చింది. అది 4 చిల్లర దాటకూడదు. మతిమరుపుకు బి12 లోపం కూడా కారణం కావచ్చని డాక్టరుగారు అదీ చూపించారు, అది సరిగానే ఉంది. థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చే హార్మోను మెదడులో చురుకైన రూపానికి మారి నరాల కణాలను నడిపిస్తుందని, అది చాలకపోతే ఆలోచన మందగిస్తుందని, విన్న మాటలను నిలుపుకొని మళ్ళీ తీసుకొనే శక్తి ముఖ్యంగా తగ్గుతుందని ఆవిడ ఓపికగా వివరించారు. నా తెలివి తరిగిపోలేదని తెలిసి ఎంత ఊరట కలిగిందో మాటల్లో చెప్పలేను.

ఎనిమిది వారాల తర్వాత చేయించిన పరీక్ష కాగితం ఈ సాయంత్రం తెచ్చుకున్నాను. టీఎస్‌హెచ్ 6.2కు దిగింది. మోతాదును 50 నుంచి 75 మైక్రోగ్రాములకు పెంచారు. ఈ రోజు పాఠంలో ఏ సంధి పేరుకూ తడుముకోలేదు గాని, హాజరు పిలిచేటప్పుడు ఇద్దరు పిల్లల పేర్ల దగ్గర క్షణం ఆగాను. సంఖ్య దిగినంత త్వరగా మనసు తేరుకోదని, కొందరికి కొంత మిగిలిపోవచ్చని కూడా ఆవిడ దాచకుండా చెప్పారు.

కాగితం చూస్తున్నంతసేపూ అమ్మే గుర్తుకు వచ్చింది. ఎండాకాలంలోనూ శాలువా కప్పుకొనేది, గొంతు బొంగురుపోయింది, ముఖం ఉబ్బింది, పులుసులో ఉప్పు రెండుసార్లు వేసేది. మేమందరం 'ధ్యాస ఎక్కడ పెట్టావమ్మా' అని విసుక్కొనేవాళ్ళం. అమ్మకూ ఇదే ఉండేదో లేదో ఇప్పుడు తేల్చే మార్గం లేదు, కానీ ఒక్కసారైనా పరీక్ష చేయించలేదన్న బాధ నన్ను వదలడం లేదు. 1891లోనే ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జబ్బున్న ఒక స్త్రీని కోలుకొనేలా చేశాడు. ఆమె ఆ తర్వాత 28 ఏళ్ళు బతికింది. అంటే అమ్మ పుట్టేనాటికే దీనికి మందు ఉంది.

ఇది కుటుంబాల్లో నడిచే అవకాశం ఉందని విన్నాక ఊరుకోలేక అక్కకు ఫోన్ చేశాను. 'పని ఎక్కువై మరిచిపోతున్నానే, నాకేం జబ్బు' అంది. అమ్మ శాలువా సంగతి ఎత్తగానే కాసేపు మాట్లాడలేదు. శనివారం రక్తం ఇస్తానని ఒప్పుకుంది. బావగారికి కూడా చెప్పి, ఆ తేదీని క్యాలెండరులో రాసుకున్నాను.