గొట్టం గారి రోడ్డు

అలాస్కాలో డాల్టన్ హైవే అనగానే ఎలుగుబంట్లు, అర్ధరాత్రి సూర్యుడు అంటూ అందరూ ఊరిస్తారు. బురద సంగతి ఒక్కరూ చెప్పరు. దుమ్ము లేవకుండా ఈ మట్టిరోడ్డు మీద కాల్షియం క్లోరైడ్ వేస్తారు. వాన పడిందంటే ఆ బురద బండికి పట్టి, ఆరాక సిమెంటులా బిగుసుకుపోతుంది. యూకాన్ నది వంతెన దాటేసరికి మా తెల్లబండి ఏ రంగో మాకే తెలియలేదు. హెడ్‌లైట్లు తుడవడం, కాసేపటికి మళ్లీ దిగి తుడవడం. డోరు తీసిన ప్రతిసారీ ప్యాంటుకు ఒక బురద పట్టీ. చాలా కంపెనీలు అద్దె కార్లను ఇటు రానివ్వవు. ఒప్పుకున్న ఒక్కచోటా రెండు స్టెప్నీలు, లారీవాళ్లతో మాట్లాడే సీబీ రేడియో చేతిలో పెట్టి అద్దె మాత్రం బాగా పిండారు.

అసలు ఈ రోడ్డు మనలాంటివాళ్ల కోసం వేసింది కాదు. ఆర్కిటిక్ సముద్రం ఒడ్డునున్న ప్రూడో బే చమురు పైప్‌లైను పనులకు లారీలు వెళ్లాలని 1974లో ఐదు నెలల్లో వేసేశారు. మామూలు జనాన్ని చివరిదాకా వదిలింది 1994లో. 414 మైళ్లూ ఆ 48 అంగుళాల గొట్టం మన వెంటే ఉంటుంది, కాసేపు స్తంభాల మీద, కాసేపు నేలలో. వేడికి సాగినా, భూకంపం వచ్చినా విరగకూడదని దాన్ని వంకర్లు తిప్పుతూ వేశారు. నేలలో గడ్డకట్టిన మంచు కరిగితే స్తంభాలు కుంగుతాయి కదా, అందుకని చలికాలంలో అడుగునున్న వేడిని లాగి బయటికి వదిలే రెక్కలు వాటి తలల మీద బిగించారు. గొట్టానికి ఇన్ని రాజభోగాలు, మనకేమో గుంతలు!

కోల్డ్‌ఫుట్‌లో భోజనానికి ఆగాం. 1981లో ఒకాయన పాత స్కూలు బస్సులో లారీవాళ్లకు హాంబర్గర్లు అమ్మడంతో మొదలైన చోటిది. హోటలు కట్టడానికి లారీ డ్రైవర్లే సాయం పట్టారట, మధ్య స్తంభం మీద వాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. పక్క టేబుల్ దగ్గర ఓ పెద్దాయన, లారీ డ్రైవరే, పలకరించాడు.

"వేటకా, చేపలకా?"

"ఊరికే, చూడ్డానికి."

ఆయన ఫోర్కు ఆపి మా ఇద్దరినీ, అద్దంలోంచి బండినీ చూశాడు. "నేను ఈ రోడ్డు మీద నడిపితే నాకు జీతమిస్తారు. మీరు ఎదురు డబ్బులిచ్చి వచ్చారా?"

నాకు నవ్వొచ్చింది, మా ఆవిడకు రాలేదు. ఆమె అప్పటికే పెట్రోలు బిల్లు చూసి ఉంది. రేటు మండిపోతున్నా నింపకుండా కదల్లేం, రోడ్డు చివరనున్న డెడ్‌హార్స్ దాకా 240 మైళ్లు ఇంకో బంకు లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి, సూర్యాపేట దగ్గరికి వెనక్కి వచ్చేంత దూరం, మధ్యలో టీకొట్టు కూడా లేకుండా.

అటిగన్ కనుమ, ఆపైన చెట్టన్నది కనబడని టండ్రా, ఫొటోల్లో కంటే చాలా బాగున్నాయి. లారీ ఎదురైనప్పుడల్లా రాళ్లకు భయపడి పక్కకు తీసి ఆగుతుంటే సగం అలాగే చూశాం.

తీరా డెడ్‌హార్స్ చేరాక రోడ్డు అయిపోతుంది, సముద్రం రాదు. మిగతాదంతా చమురు కంపెనీల జాగా. ఒకరోజు ముందే పేర్లిచ్చి, టిక్కెట్టు కొని, టూరు వాళ్ల వ్యానులో వెళ్లాలి. వెళ్లాం. నేను ఆర్కిటిక్ నీళ్లలో మోకాళ్ల దాకా దిగి, దిగినంత వేగంగా బయటికొచ్చాను. మా ఆవిడ బూట్లు విప్పనే లేదు.