మోకాలి ఆపరేషన్‌కి ముందే ఫిట్‌నెస్ బ్యాండ్ పెట్టుకోండి

మోకాలి చిప్పలు మార్పించుకున్నవాళ్ల ఇళ్లకి ఫిజియోథెరపీకి వెళ్తుంటా. ఆపరేషన్‌కి ముందు రోజుకి ఎంత నడిచేవాళ్లు అనడిగితే సరిగ్గా చెప్పేవాళ్లు దాదాపు ఉండరు. "ఇల్లంతా నేనే తిరిగేదాన్ని బాబూ" అంటారు పెద్దావిడ, "ఎక్కడ తిరిగావ్, సోఫా దిగితేగా" అంటారు పక్కనుంచి ఆయన. ఇద్దరూ నిజమనుకునే చెప్తారు, కానీ నాకు కావాల్సిన లెక్క మాత్రం దొరకదు.

అందుకే ఆపరేషన్ డేట్ ఫిక్సయిందని ఎవరు ఫోన్ చేసినా చెప్తున్నా, అడుగులు లెక్కపెట్టే మామూలు ఫిట్‌నెస్ బ్యాండ్ ఒకటి కొని కనీసం వారం ముందునుంచి పెట్టుకోండి, దానికోసం ఎక్కువేం నడవకండి, రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి, ఆ వారం లెక్కతోనే తర్వాత పోల్చుకోవాలి. రోజుకి 10,000 అడుగులు నడవాలన్న గోల వదిలేయండి, అది 1965లో జపాన్‌లో పెడోమీటర్ (అడుగులు లెక్కపెట్టే పరికరం) అమ్మకానికి పెట్టిన అంకె, మోకాళ్లు అరిగిన 70 ఏళ్ల మనిషికి దాంతో పనేంటి?

ఇంకో ముఖ్యమైన సంగతి. కొత్తలో రెండు చేతులతో వాకర్ పట్టుకుని నడుస్తారు కదా, చెయ్యి ఊగదు, అడుగు కూడా నెమ్మదిగా పడుతుంది, దాంతో చేతికున్న బ్యాండ్ చాలా అడుగులు వదిలేస్తుంది. ఒక ఆంటీ హాల్లోంచి వంటింటిదాకా ఆయాసపడుతూ వెళ్లొచ్చి చూసుకుంటే అంకె కదల్లేదు, ముఖం చిన్నబోయింది పాపం. బ్యాండ్ తీసి చీలమండ దగ్గర సాక్సులోకి దోపి మళ్లీ నడిపిస్తే లెక్క పడింది. కాబట్టి ఆపరేషన్‌కి ముందు కూడా చీలమండకే పెట్టండి, ముందు చేతికీ తర్వాత కాలికీ పెడితే ఆ రెండు అంకెలూ పోల్చడానికి పనికిరావు.

హాస్పిటళ్లలో కూడా ఈ పని జరుగుతోంది. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు గుండె ఆపరేషన్ అయిన పెద్దవాళ్లకి ఫిట్‌బిట్ అనే ఇలాంటి బ్యాండే పెట్టి 2013లో రాశారు, మొదటి రోజుల్లో ఎక్కువ నడిచినవాళ్లు త్వరగా డిశ్చార్జ్ అయ్యారని. 2019లో లాస్ ఏంజెలెస్ సీడార్స్ సైనై హాస్పిటల్ వాళ్లు పెద్ద ఆపరేషన్లు అయిన 100 మందిని చూస్తే మర్నాడు నడిచిన అడుగులు 1,000 దాకా పెరిగేకొద్దీ హాస్పిటల్లో ఎక్కువ రోజులు ఉండిపోయే అవకాశం తగ్గుతూ వచ్చింది, ఆపైన నడిచినా అదనంగా తేడా లేదు. నడిచినందుకు కోలుకున్నారా, కోలుకుంటున్నారు కాబట్టి నడవగలిగారా అన్నది మాత్రం ఇలాంటి లెక్కలతో తేలదు.

మోకాళ్ల విషయంలో నన్ను బాధపెట్టేది వేరే. నొప్పి బాగా తగ్గుతుంది, మనిషి హాయిగా ఉన్నానంటారు, కానీ సెన్సర్లు పెట్టి చూసిన స్టడీల్లో ఆర్నెల్ల తర్వాత కూడా రోజువారీ నడక ఆపరేషన్‌కి ముందున్న దానికంటే పెద్దగా పెరగట్లేదు. ఏళ్ల తరబడి నొప్పితో కూర్చోవడం అలవాటైపోయింది, కొత్త కీలు వేసినంత మాత్రాన అది పోదు. మన ఇళ్లల్లో ప్రేమ కూడా ఒక కారణమే, "నువ్వు లేవకమ్మా, మేం తెస్తాం" అని మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే తెస్తారు. ఫోన్‌లో బ్యాండ్ యాప్ తెరిచి ఏ గంటలో ఎంత నడిచారో చూపే గీతలు చూడండి, నేనొచ్చిన గంటలో ఒక పొడుగు గీత, మిగతా రోజంతా ఏమీ ఉండదు. మొత్తం అడుగులకంటే నేను ముందు చూసేది ఆ ఖాళీ గంటలే. డాక్టర్ నడవచ్చన్నాక నీళ్ల బాటిల్ వంటింట్లోనే పెట్టించండి, ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టించండి, మొదట్లో మాత్రం పక్కన ఒక మనిషి ఉండాలి.

అంకె పెంచాలని ఒకేరోజు తెగ నడిపించకండి. మర్నాడు మోకాలు వాచి వేడిగా ఉంటే నడక తగ్గించి మాకో మాట చెప్పండి. పిక్క వాచి నొప్పి పెడితే మాత్రం బ్యాండ్ సంగతి పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.