అమ్మ పాట, డబ్బా టీవీ కూత

అప్పట్ల మా అమ్మ బతుకమ్మ పాట లోకల్ కేబుల్‌ల వచ్చింది. దేవరకొండల మా ఇంట్ల డబ్బా టీవీ ముందట స్టూలేసి, మామ హ్యాండీక్యామ్‌ల రికార్డు చేసిండు. నిన్న ఆ టేపు ఆడియోను ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ల వేసి స్పెక్ట్రోగ్రామ్ చూసిన, అంటే శబ్దాన్ని బొమ్మ లెక్క చూపెట్టేది; మోటు శబ్దాలు కింద, సన్నటియి పైన. చప్పట్లు నిలువు గీతలు, అమ్మ గొంతు అలలు. పైన 15,625 హెర్ట్జ్ కాడ మాత్రం దారం కట్టి గీసినట్టు ఒకటే గీత! టీవీ సన్నటి కూత అది. డబ్బా టీవీ బొమ్మను గీతలు గీతలుగ గీసేది: ఫ్రేముకు (ఒక్కో బొమ్మకు) 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు, గుణిస్తే సరిగ్గ అంతే. పెద్దోళ్లకు వినపడకపోయేది, మా పిల్లల చెవులే గుయ్యిమనేవి. ఆ ఒక్క కూతనే కోసేసే నాచ్ ఫిల్టర్‌తో తీసేసిన, 50 హెర్ట్జ్ కరెంటు మోత గూడ. ఇగ ఆశకు పోయి నాయిస్ రిడక్షన్ గట్టిగ పెడితే చప్పట్లు నీళ్లల్ల మునిగినట్టయినయ్. వెంటనే అన్‌డూ.

అమ్మకు వినిపిస్తే, “గుక్క తిప్పుకున్నది గూడ వినవడ్తుంది గదరా” అని సిగ్గువడ్డది.