పాత మస్టాంగ్‌కు ఏ ఫ్లైవీల్?

మా బావగారి 1966 ఫోర్డ్ మస్టాంగ్‌లోని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను తీసి మాన్యువల్ బిగించాలని నిశ్చయించాక, అన్నిటికంటే ఎక్కువ చర్చ ఫ్లైవీల్ మీదే, అంటే ఇంజిన్ వెనుక దానితో పాటు తిరిగే బరువైన చక్రం మీదే జరిగింది. ఆటోమేటిక్‌లో క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనుక ఉండేది ఫ్లెక్స్‌ప్లేట్ అనే పలుచని పళ్లెం మాత్రమే. కావలసిన బరువు, ఇంజిన్ శక్తిని ద్రవం ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ నుంచి వస్తుంది. మాన్యువల్‌లో ఆ బరువుతో పాటు క్లచ్ రాపిడి వేడిని కూడా ఫ్లైవీలే భరించాలి.

ముందుగా చూడవలసింది బ్యాలెన్స్, అంటే క్రాంక్‌షాఫ్ట్ తూకం సరిపోయేందుకు ఫ్లైవీల్‌లో కావాలనే ఉంచే అసమతూకం; దాన్ని ఔన్సుల్లో చెబుతారు. 289 వీ8 ఇంజిన్‌కు 28 ఔన్సుల రకం కావాలి. 1980ల నాటి 5.0 లీటర్ ఇంజిన్లకు వచ్చిన 50 ఔన్సుల ఫ్లైవీల్ కూడా అవే బోల్టు రంధ్రాలకు చక్కగా కూర్చుంటుంది కాబట్టే ప్రమాదం. పొరపాటున దాన్ని బిగిస్తే ఇంజిన్ నడిచినంతసేపూ వణుకు తప్పదు, బేరింగులు అరిగిపోతాయి. రింగ్ గేర్‌కు (స్టార్టర్ తిప్పే, ఫ్లైవీల్ అంచున ఉండే పళ్ల చక్రానికి) 157 పళ్లుండాలా, 164 ఉండాలా అన్నది ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఫ్లైవీల్‌ను కప్పి ఉంచే బెల్‌హౌసింగ్‌ను బట్టి తేలుతుంది. స్టార్టర్ కూడా దానికి తగినదే ఉండాలి.

అల్యూమినియం ఫ్లైవీల్ తేలిక కనుక ఇంజిన్ చప్పున వేగం అందుకుంటుందని బావగారు మొగ్గు చూపారు. రేసులకైతే సరే గాని, పంజాగుట్ట రద్దీలో ఆగి ఆగి కదులుతూ, బంజారాహిల్స్ ఎత్తు మీద క్లచ్ వదలవలసిన బండికి బరువైన ఉక్కు ఫ్లైవీలే నయమని నా అభిప్రాయం. తేలికదైతే బండి మాటిమాటికీ ఆగిపోతుంది.

పాతది దొరికితే, దాని ముఖం మీద వేడికి ఏర్పడిన నీలి మచ్చలను, సన్నని పగుళ్లను వెలుతురులో పరిశీలించాలి. మచ్చలను మెషినింగ్‌తో తీయించవచ్చు. లోతైన పగులుంటే వదిలేయడమే. క్రాంక్ చివర గేర్‌బాక్స్ ఇరుసు కొనకు ఆధారంగా ఉండే పైలట్ బుష్, ఫ్లైవీల్‌కు తగిన పొడవైన బోల్టులు వేరుగా కొనాలి.