నీ వీడియోలు ఎవరికీ పంపవేం?

"నీ వీడియోలు నువ్వు చూసుకుని డిలీట్ చేసేస్తావు. నావి మాత్రం అందరికీ పంపుతావు. నేను చదవను."

పోయిన ఆదివారం మా పదేళ్లవాడు అన్న మాట ఇది. అన్నది ఇంగ్లీషులో. నేను తెలుగులో రాస్తున్నాను కాబట్టి కాస్త మెత్తబడింది.

ప్రతి ఆదివారం వాడిచేత తెలుగు ఒక పేజీ చదివించి, వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం నా అలవాటు. అమ్మమ్మ కోసం అని చెబుతాను. అమ్మమ్మ ఒక్కతేనా, ఆ గ్రూపులో ముప్పై మంది పైనే ఉన్నారు. వాడు 'కళ్లు' అనలేక 'కల్లు' అంటే అందరూ నవ్వుతారు. ముద్దుకే నవ్వుతారు, నాకు తెలుసు. నేనూ నవ్వాను. ఒకసారి "అది తీసెయ్" అని అడిగాడు. "చూద్దాంలే" అన్నాను. తీయలేదు.

ఇక నా సంగతి. మూడు నెలలుగా రాత్రిపూట వాడు పడుకున్నాక గది తలుపు వేసుకుని, ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఇంగ్లీషు పైకి చదువుతున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగం తర్వాత కూడా మీటింగులో నేనో మాట అంటే "మళ్లీ చెప్తారా?" అని అడగడం మానలేదు జనం. వాడు పడుకున్నాడని నేను అనుకుంటున్నానంతే, పడుకోలేదని ఇప్పుడు తెలిసింది.

ఎవరైనా మొదలుపెడదామనుకుంటే నాకు పనికొచ్చినది చెబుతాను. రోజుకో కొత్త పేజీ వద్దు. నిమిషంలో అయిపోయే ముక్క ఒకటి తీసుకుని వారమంతా అదే చదవాలి. నేను ఈసప్ కథల్లోని 'ఉత్తరపు గాలి, సూర్యుడు' తీసుకున్నాను. ఏ భాష ఉచ్చారణకైనా నమూనా చూపించడానికి అంతర్జాతీయ ఫొనెటిక్ అసోసియేషన్ వాళ్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న కథ అది. ఇంగ్లీషులో వంద పైచిలుకు మాటలు, అడుగడుగునా డబ్ల్యూ. అంటే నా బలహీనత మీదే దెబ్బ.

మొదటి రోజు వీడియో చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఈ సన్నటి గొంతు ఎవరిది? మన గొంతు మనకు గాల్లోంచే కాదు, తల ఎముకల్లోంచి కూడా వినబడుతుందట. ఆ దారిన వచ్చే నిండుతనం రికార్డింగులో ఉండదు. మిగతా లోకం రోజూ వినేది ఆ సన్నటి గొంతే. నాలుగో రోజుకి అలవాటైపోయింది.

అసలు లాభం సౌండ్ తీసేసి చూసినప్పుడు తెలిసింది. వి అన్నప్పుడు పైపళ్లు కింది పెదవికి తగలాలి. డబ్ల్యూ అన్నప్పుడు పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, పళ్లకి పని లేదు. నా పెదవులు రెంటికీ ఒకే పని చేస్తున్నాయి. మన 'వ' ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ద్రాక్షతీగకి ఇంగ్లీషు మాట వితో, ద్రాక్షసారాకి డబ్ల్యూతో మొదలవుతాయి, తెలుగులో రాస్తే రెండూ ఒకటే 'వైన్'. అందుకే నా చెవి ఇన్నేళ్లూ ఆ తేడా పట్టలేదు, కన్ను పట్టింది. ఆడియో రికార్డింగయితే ఈ తప్పు నాకు ఎప్పటికీ దొరికేది కాదు. మిగతావి, అంటే మాట చివర 'ఉ' తగిలించడం, 'ఎగ్'ని 'యెగ్' అనడం, 'ఓన్లీ'ని 'వోన్లీ' అనడం వింటేనే దొరుకుతాయి. వాటికి కెమెరా అక్కర్లేదు, కొంచెం సిగ్గు చాలు.

మెరుగైందా? చదవడం బాగా మెరుగైంది. మాట్లాడటం అంటే మాత్రం అంత గట్టిగా చెప్పలేను. చిన్న ముక్కనే పదేపదే చదివించే పద్ధతి గురించి జే శామ్యూల్స్ అనే ఆయన 1979లో రాశారు. అది చదవడానికి తడబడే పిల్లల కోసం, ఆగకుండా చదవడం అలవడాలని. నేను దాన్ని తెచ్చి ఆఫీసు మాటలకి వాడుతున్నాను. కాగితం ఎదురుగా ఉంటే డబ్ల్యూలన్నీ గుండ్రంగానే వస్తాయి. మీటింగులో అనుకోకుండా నన్నేదో అడిగారా, పాత పెదవులే. ఇప్పుడు చదివాక కాగితం మూసేసి అదే కథ సొంత మాటల్లో చెబుతూ రికార్డు చేస్తున్నాను. ఆ వీడియోలు మరీ ఘోరం. అందుకే డిలీట్ చేసేస్తున్నాను.

వాడికి అది కనబడింది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలకి హిందీలోని 'ట', 'త'ల తేడా తెలుస్తుందనీ, ఏడాది నిండేసరికి చాలామందిలో ఆ చెవి పోతుందనీ వెర్కర్, టీస్ అనే ఇద్దరు 1984లో చూపించారు. వాడికి ఆ వయసులో ఇంట్లో తెలుగు వినబడాల్సింది. డే కేర్‌లో ఇబ్బంది పడతాడేమోనని నేను వాడితో ఇంగ్లీషులో మాట్లాడాను, అదీ నా ఇంగ్లీషులో. 'యెగ్' అనే మాట వాడు మొదట నా నోటే విన్నాడు. తర్వాత స్కూలుకెళ్లి దాన్ని వదిలించుకున్నాడు. తెలుగు నేను ఇవ్వాల్సినప్పుడు ఇవ్వకుండా, ఇప్పుడు ఆదివారం ఆదివారం వసూలు చేస్తున్నాను. పైగా ముప్పై మంది ముందు.

ఆపేస్తే? ఈ ఒక్క పేజీ కూడా ఉండదు. తెలుగు చదవడం మొత్తానికే పోతుంది. ఆపకపోతే తెలుగు అంటే నవ్వించుకోవడమే అని వాడికి గుర్తుండిపోతుంది. చదివించి, వీడియో మాత్రం పంపకుండా ఉండొచ్చుగా అంటారేమో. ఉండొచ్చు. కానీ అమ్మకి ఆదివారం మధ్యాహ్నం ఆ వీడియో రాకపోతే ఫోన్ చేస్తుంది. అదీగాక, నిజం చెప్పాలంటే, మా వాడికి తెలుగు వచ్చని ఆ ముప్పై మందికీ తెలియాలని నాకుంది.

ఆ రోజు చాలాసేపు బతిమాలాక వాడే నా ఫోన్ పక్కన పెట్టి తన టాబ్లెట్ తెచ్చాడు. "ముందు నువ్వు" అన్నాడు. ఉత్తరపు గాలి చదివాను. మూడు నెలలుగా చదువుతున్నదే, అయినా వాడి ముందు నోరెండిపోయింది. మొదటి వాక్యంలోనే తప్పు చదివాను. వాడు నవ్వలేదు. నవ్వితే బాగుండేదనిపించింది. తర్వాత వాడు తన పేజీ చదివాడు, కల్లు కల్లుగానే ఉంది. ఆ వారం గ్రూపులో ఏదీ పెట్టలేదు.

నా వీడియో ఇంకా వాడి టాబ్లెట్‌లోనే ఉంది. తీసేశావా అని రెండుసార్లు అడిగాను.

"చూద్దాంలే" అన్నాడు. తెలుగులోనే.