కింది వరస పిక్కలకు నీరసం ఎందుకొచ్చింది?

ఇంజినీరింగ్ రోజుల్లో పైథాన్ 2.7 అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఆటలు రాయడానికి పనికొచ్చే పైగేమ్ లైబ్రరీ వాడి వామన గుంటలు ఆట రాసుకున్నాను. రెండు వరసల్లో 14 గుంటలు, గుంటకు 4 చింతపిక్కలు. మౌస్‌తో ఒక గుంటను నొక్కితే పిక్కలు ఒక్కొక్కటే పక్క గుంటల్లోకి నడిచి వెళ్తాయి. మొన్న సెలవులకు మా అక్క, మేనకోడలు వచ్చారు. దానికి స్కూల్లో పైథాన్ మొదలుపెట్టారట. "నువ్వు రాసిన గేమ్ చూపించు మామయ్యా" అంది. అరగంటలో ఆడిద్దాంలే అనుకుని పాత హార్డ్‌డిస్క్‌లోంచి ఫోల్డర్ బయటికి తీశాను.

నా లాప్‌టాప్‌లో ఉబుంటు 20.04 (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్), దానితో దొరికే పైథాన్ 3.8, పైగేమ్ 1.9.6 ఉన్నాయి. ప్రింట్‌లన్నిటికీ పైథాన్ 3 అడిగే బ్రాకెట్లు పెట్టడం ఐదు నిమిషాల పని. ఆ తర్వాత మొదలైంది గొడవ.

గుంటల లూప్‌లో, ఎన్నిసార్లు తిరగాలో చెప్పే రేంజ్‌కి 14/2 ఇచ్చి ఉన్నాను. పైథాన్ 2లో రెండు పూర్ణాంకాలను భాగిస్తే పూర్ణాంకమే వస్తుంది, 7. పైథాన్ 3లో అదే గీత ఎప్పుడూ ఫ్లోట్ (దశాంశ సంఖ్య) ఇస్తుంది, 7.0. ఏడుసార్లు తిరగమంటే తిరుగుతుంది కానీ 7.0 సార్లంటే రేంజ్ ససేమిరా అంటుంది. అది సరిచేస్తే, గుంట గీసే పైగేమ్ సర్కిల్ కమాండ్ దగ్గర ఇంకొకటి: "టైప్ ఎర్రర్: ఇంటీజర్ ఆర్గ్యుమెంట్ ఎక్స్‌పెక్టెడ్, గాట్ ఫ్లోట్". ట్రేస్‌బ్యాక్ (తప్పు ఏ లైనులోనో చెప్పే సందేశం) చూపించిన లైనుకు ముందు ఒక ప్రింట్ పెట్టి చూశాను. మొదటి గుంట సెంటర్ 105.0. ఎడమ అంచు 60, గుంట వెడల్పు 90లో సగం 45, లెక్క సరిగ్గానే ఉంది. పాయింటు తర్వాత ఉన్నది సున్నాయే కదా! అయినా కుదరదు. లోపల ఉన్నది సీ భాష కోడ్, అది ఇంట్ (పూర్ణాంకం) అడిగితే ఇంటే ఇవ్వాలి. (2020లో వచ్చిన పైగేమ్ 2లో సర్కిల్ ఈ పట్టు వదిలేసింది, ఫ్లోట్ ఇచ్చినా గీస్తుంది.)

ఇక విసుగొచ్చి, ఫ్లోట్ వల్ల ఎర్రర్ వచ్చిన ప్రతిచోటా, దాన్ని పూర్ణాంకంగా మార్చే ఇంట్ తగిలించేశాను. ఎర్రర్లు ఆగాయి, బోర్డు వచ్చింది. హమ్మయ్య అనుకుని దాని చేతికి మౌస్ ఇచ్చాను.

రెండు నిమిషాలు కాలేదు. "మామయ్యా, బయట నొక్కినా మొదటి గుంట ఆడేస్తోంది." ఇంకాసేపటికి, "కింది వరస పిక్కలు నీరసంగా నడుస్తున్నాయేంటి?"

ఎర్రర్ వస్తే కనీసం లైన్ నంబరైనా తెలుస్తుంది. ఇక్కడ అదీ లేదు.

మొదటిది నా ఇంట్ చేసిన పనే. ఏ గుంటో తెలియాలంటే మౌస్ ఎక్స్‌లోంచి 60 తీసి 90తో భాగిస్తాను. ఎడమ అంచులో 20 దగ్గర నొక్కితే మైనస్ 40 బై 90, అంటే మైనస్ 0.44. పాత పైథాన్ దాన్ని కిందికి దించి మైనస్ 1 చేసేది. సున్నా కంటే తక్కువైతే వదిలెయ్యమని నేను రాసిన చెక్ దాన్ని ఆపేది. ఇంట్ మాత్రం సున్నా వైపు కత్తిరిస్తుంది, అంటే 0. గుంటల లెక్క మొదలయ్యేదీ 0 నుంచే, కాబట్టి మొదటి గుంట ఆడేసింది. పాత ప్రవర్తన కావాలంటే రెండు గీతల భాగహారం, // వాడాలి. ఇంట్ తీసి అది పెట్టగానే సరిపోయింది.

రెండోది తేలడానికి రాత్రి పదకొండయింది. పిక్క వేగం, అంటే ఒక్కో ఫ్రేముకి (తెర ఒకసారి గీసినప్పుడల్లా) జరిగే పిక్సెళ్లు, 90/60. అప్పట్లో అది 1, ఇప్పుడు 1.5. పిక్క స్థానం ఉండేది పైగేమ్ రెక్ట్‌లో, అంటే బొమ్మ చోటును గుర్తుపెట్టుకునే దీర్ఘచతురస్రంలో. రెక్ట్ లోపల పూర్ణాంకాలే ఉంటాయి. ఫ్లోట్ ఇస్తే సర్కిల్‌లా గోల చెయ్యదు, చప్పుడు లేకుండా పాయింటు తర్వాతది కోసేస్తుంది: 106.5 అయితే 106, 193.5 అయితే 193. ఫ్రేముకోసారి విలువ ప్రింట్ చేసి చూస్తే, కుడికి వెళ్లే కింది వరసలో 105, 106, 107. ఎడమకి వెళ్లే పై వరసలో 195, 193, 191. ఒకటి ఒక్కో పిక్సెల్ జరుగుతుంటే ఇంకొకటి రెండేసి జరుగుతోంది. అదే దూరానికి పైన 45 ఫ్రేములు, కింద 90. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన ముప్పావు సెకను, ఒకటిన్నర సెకను. పిల్ల కన్ను తప్పు చెప్పలేదు!

స్థానాన్ని నా సొంత వేరియబుల్‌లో ఫ్లోట్‌గానే దాచుకుని, ప్రతి ఫ్రేములో దాన్ని రౌండ్ చేసి రెక్ట్‌కి ఇచ్చాను. పొద్దున్నే రెండు వరసలూ ఒకే నడక.

అమ్మని కూర్చోబెట్టి చూపించాం. కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, "మనింట్లో గుంటకి అయిదు పిక్కలు కదరా, నాలుగే పెట్టావేంటి?" అంది. ఆ అంకె మార్చడం మేనకోడలికే వదిలేశాను.