తిరిగొచ్చిన ఆ ఒక్కడు

బైబిల్లో లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగుల సంగతి అందరికీ తెలిసిందే, కానీ నేను ఎప్పుడు చదివినా ఆ ఒక్కడి దగ్గరే ఆగిపోతాను. దూరంగా నిలబడి యేసయ్యని కరుణించమని పదిమందీ కేకలేశారు, ఆయన వెళ్లి యాజకులకి, అంటే గుడి పూజారులకి, చూపించుకోమంటే పదిమందీ బయల్దేరారు, దారిలోనే బాగయ్యారు, మరి తిరిగొచ్చి యేసయ్య పాదాల దగ్గర సాగిలపడింది మాత్రం సమరయుడు ఒక్కడే, యూదులు దగ్గరికి కూడా రానివ్వని మనిషి! నాకేమనిపిస్తుందంటే, నాకు రావాల్సిందే వచ్చింది అనుకునేవాడికి థాంక్స్ చెప్పాలని తట్టదండీ, అర్హత లేకపోయినా ఇచ్చాడు అని తెలిసినవాడే వెనక్కి వస్తాడు. మన ప్రేయర్‌లో అడిగేవాటికి పెద్ద లిస్టే ఉంటుంది. అందుకే ఈమధ్య పొద్దున్నే ఏమీ అడగకుండా, ఆయన చేసినవి ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పుకుంటున్నాను, ఉద్యోగం, పిల్లలు, రాత్రి పట్టిన నిద్ర కూడా.